మేనల్లుడి కేరళ ప్లాను

చిరంజీవి చిన్నాకు,

పెళ్లయ్యాక మీరిద్దరూ వెళ్లే ప్రయాణానికి నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాను కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. అయిదు రాత్రులు, ఆరు పగళ్లు. మున్నార్, తేక్కడి, అలెప్పీ, కొచ్చి. మూడో రోజు వరస విను: తొమ్మిదింటికి టీ మ్యూజియం, పదిన్నరకు మట్టుపెట్టి డ్యామ్, పదకొండుంబావుకు ఎకో పాయింట్, పన్నెండింటికి కుండల చెరువు, ఒంటిగంటకు టాప్ స్టేషన్. ఇందులో భోజనం ఎక్కడుందిరా? ఆ అమ్మాయి ఒక్క అరగంట ఇక్కడే కూర్చుంటానంటే ఏ గడిలో కూర్చోబెడతావు? స్కూలు పిల్లల విహారయాత్రలా ఉంది. ఆ రోజు సోమవారమైతే టీ మ్యూజియానికి సెలవు కూడాను.

నీ ఏజెంటు మహా గట్టివాడు. మార్చి మొదటి వారం ప్రయాణానికి ఇరవికుళం పార్కు రాశాడు. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడి కొండమేకలు ఈనే కాలమని ఆ పార్కు మూసేస్తారు. దక్షిణాదిలోకెల్లా ఎత్తయిన ఆనముడి శిఖరం, 2695 మీటర్లది, ఆ పార్కులోనే ఉంది కాబట్టి దాన్నీ దూరం నుంచి చూడాల్సిందే. పైగా నీలకురింజి పూలు అని కూడా రాశాడు! మున్నార్ కొండలు ఆ పూలతో నీలంగా మారింది 2018లో. పన్నెండేళ్లకోసారి పూసే పువ్వు, మళ్లీ 2030 దాకా ఆగాలి. వాడు ఎవరికో చేసిన కాగితం మీద నీ పేరు మార్చి పంపాడు, అంతే.

నన్నడిగావు కాబట్టి చెబుతున్నాను, తేక్కడి కొట్టెయ్. మున్నార్ నుంచి తొంభై కిలోమీటర్లేగా అంటాడు వాడు. విజయవాడ నుంచి ఏలూరు వెళ్లినట్టు కాదది, మూడు గంటలూ మలుపులే. అక్కణ్ణుంచి అలెప్పీకి ఇంకో నాలుగు గంటలు. పెరియార్ చెరువు బాగుండదని అనను. 1895లో ముల్లపెరియార్ ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన అడవిలోని చెట్ల మోళ్లు ఇవాళ్టికీ నీళ్లలో నిలబడి ఉంటాయి, వాటి మీద నీటికాకులు రెక్కలారబెట్టుకుంటూ కూర్చుంటాయి. ఏనుగులు గట్టు మీదికొస్తే నీ అదృష్టం. కానీ దానికోసం ఒకరోజంతా కారు వెనకసీట్లో కడుపులో తిప్పుతూ, నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చోవడం దేనికి?

అమ్మాయికి ఈ ప్లాను చూపించలేదు, సర్‌ప్రైజ్ అన్నావు. నాకు నచ్చనిది అదే. పెళ్లికూతురికి ఆ నెలంతా సర్‌ప్రైజులే. చీర ఒకరు ఎంచుతారు, జడ ఒకరు అల్లుతారు. తెల్లవారుజాము ముహూర్తం, ఆ వెంటనే అప్పగింతలు, మీ ఇంట్లో సత్యనారాయణ వ్రతం, చుట్టాల భోజనాలు, పదహారు రోజుల పండగ. కొత్త కోడలు అత్తవారింట్లో పొద్దెక్కేదాకా పడుకోగలదా? మీ అమ్మ మంచిదే, ఏమీ అనదు, అయినా ఆ పిల్ల లేచి కూర్చుంటుంది. కాబట్టి మొదటి రోజే నూటపది కిలోమీటర్ల మున్నార్ రోడ్డు ఎక్కించకు. కొచ్చిలో దిగి అక్కడే ఉండిపో. సాయంత్రం ఫోర్ట్ కొచ్చిలో చైనా వలలు ఎత్తి దించడం చూడండి, లేదా ఏసీ వేసుకుని పడుకోండి. పడుకుంటే మరీ మంచిది.

ఇంకో మాట. మీ ఇంట్లో ఎవరూ అనరు గనక నేనే అంటున్నాను. ముహూర్తం పంతులుగారు పెట్టారు, ప్రయాణం తేదీలు నువ్వు పెట్టావు. అమ్మాయి నెలసరి తేదీలు ఎవరైనా అడిగారా? ఆమె తనంతట తాను చెప్పదు, నువ్వే అడుగు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నాలుగు రోజులు అటో ఇటో జరపగలిగితే జరుపు. జరపలేకపోతే మంచం మీద గులాబీ రేకులూ, తువ్వాలుతో చేసిన హంసలూ వద్దని హోటల్ వాడికి చెప్పి, వేడినీళ్ల సంచి ఒకటి పెట్టెలో పెట్టుకో. ఎటు తిరిగీ ఆ అయిదు రాత్రుల్లోనే అంతా అయిపోవాలన్న తొందర వద్దు. నీ స్నేహితులు గ్రూపులో ఎకసెక్కాలాడతారు, ఆ గ్రూపు మ్యూట్‌లో పెట్టు. ఫోన్లో గంటలకొద్దీ మాట్లాడుకున్నారు, నిజమే. కానీ ఆ అమ్మాయి ఏ వైపు తిరిగి పడుకుంటుందో, ఆకలేస్తే నోరు విప్పి చెబుతుందో లేదో, కోపం వస్తే గట్టిగా అరుస్తుందో ముడుచుకుపోతుందో ఫోన్లో తెలియదుగా.

మున్నార్‌లో మూడు రాత్రులుండండి. డ్యాములూ పాయింట్లూ అన్నీ ఒకే రోడ్డు మీద ఉంటాయి, ఒక పూటలో నచ్చినవి రెండు చూసి వచ్చెయ్యండి. మిగతా పూటలు ఖాళీగా వదిలెయ్. ఒకరోజు మొత్తం ఆమె ఇష్టం. గదిలోంచి కదలనంటే కదలొద్దు.

ఇక అలెప్పీలో హౌస్‌బోట్ సంగతి. మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్కిస్తారు. మున్నార్ నుంచి అందుకోవాలంటే చలిలో ఆరున్నరకే బయల్దేరాలి. ఇంతా చేస్తే చేపల వలలు వేసే వేళవుతుందని సాయంత్రం అయిదున్నరకల్లా పడవను గట్టుకు కట్టేస్తారు. రాత్రంతా కదలని పడవలో దోమలు. దానికంటే కాలవ గట్టున హోమ్‌స్టేలో దిగి, పొద్దున్నే చిన్న శికారా పడవ మాట్లాడుకోండి, హౌస్‌బోట్ పట్టని సన్న కాలవల్లోకి కూడా వెళుతుంది. తీరికుంటే అలెప్పీ నుంచి కొట్టాయంకు ప్రభుత్వం నడిపే పడవ ఎక్కండి. రెండున్నర గంటలు, టికెట్టు చాలా చవక, పక్కన ఊరివాళ్లు కూర్చుంటారు. కుట్టనాడులో వరి పొలాలు నీటిమట్టం కన్నా కిందుంటాయి, పడవలోంచి తల వంచి చూడాలి. (కాలవలూ కొబ్బరిచెట్లే కావాలంటే మన దిండికి రారా అన్నాను, నవ్వి ఊరుకున్నావు.)

చిన్న చిన్నవి కొన్ని. విమానం టికెట్టులో అమ్మాయి పేరు ఆధార్ కార్డులో ఉన్నట్టే ఉండాలి. ముచ్చటపడి మన ఇంటిపేరు తగిలించకు, ఎయిర్‌పోర్టులో నిలబెడతారు. గోంగూర పచ్చడి సీసా చేతి సంచిలో పెట్టకు, లగేజీలో వెయ్యి. అక్కడ లావు ఎర్రబియ్యం అన్నం పెడతారు, తెల్లన్నం కావాలంటే ముందే అడగాలి. ఖర్చుకు నీ జీతం వాడు. చదివింపుల కవర్లు ఇద్దరివీ, వాటి లెక్క ఇద్దరూ కూర్చుని చూసుకోండి. మీ అమ్మా, వాళ్లమ్మా రోజుకు మూడుసార్లు వీడియో కాల్ చేస్తారు. పొద్దున ఒక్కసారి మాట్లాడి, మళ్లీ రాత్రికే చెయ్యమని ముందే చెప్పు. మీ అమ్మకు నువ్వు చెప్పు, వాళ్లమ్మకు ఆమెను చెప్పనివ్వు.

ఈ రాత్రికే ప్లాను అమ్మాయికి పంపి, ఆమె కొట్టేసినవన్నీ పోను మిగిలింది ఏజెంటుకు పంపు. అడ్వాన్సు ఇవ్వలేదు కదా ఇంకా?

ఇట్లు,
మీ అత్తయ్య
రాజమండ్రి