చేపల కంటే ముందు నీళ్లు: కొత్త అక్వేరియంలో చేయవలసినవి, చేయకూడనివి

అంగడిలో తొట్టి, ఫిల్టరు, రంగు రాళ్లతో పాటు చేపలను కూడా అదే రోజు కవర్లో కట్టి ఇచ్చేస్తారు. ‘నీళ్లు ఒక రోజు నిలవబెట్టి వదలండి’ అంటారు. ఆ ఒక్క రోజులో పోయేది క్లోరిన్ మాత్రమే. చేపను చంపేది వేరే ఉంది. చేప విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. నడుస్తున్న తొట్టిలో ఫిల్టరు స్పాంజిని పట్టుకుని బతికే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. మరో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ను చాలా తక్కువ హాని చేసే నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త తొట్టిలో ఈ రెండు రకాల బ్యాక్టీరియాలూ ఉండవు. అవి ఎదగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దీన్నే సైక్లింగ్ అంటారు.

అమరచింత వంటి ఊళ్లలో బోరు నీళ్లు వాడేవారు ఇంకో సంగతి గమనించాలి. అమ్మోనియా ఎంత విషమన్నది నీటి పీహెచ్‌ను బట్టి ఉంటుంది, బోరు నీటి పీహెచ్ ఎక్కువగా ఉండవచ్చు. మన ఎండాకాలపు నీటి వేడిలో, పీహెచ్ 7 దగ్గర ఉన్న విషం పీహెచ్ 8 దగ్గర దాదాపు పది రెట్లవుతుంది. పరీక్షలో అంకె అదే కనబడుతుంది, చేప మాత్రం బతకదు. అందుకే మొదట కొనవలసింది చేపను కాదు, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ చూసే టెస్ట్ కిట్‌ను.

చేయవలసినవి

తొట్టికి గట్టి బల్ల వెతకండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో సుమారు 56 లీటర్లు పడతాయి. అంటే నీళ్లే 56 కిలోలు, గాజు, రాళ్ల బరువు అదనం. ప్లగ్గు వైరు సాకెట్ కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి వెళ్లేలా పెట్టండి. వైరు వెంట జారిన నీటి చుక్క సాకెట్లోకి పోకుండా కిందనే రాలిపోతుంది.

మిషన్ భగీరథ నల్లా నీళ్లయితే క్లోరిన్ తీసే మందు వేయండి, లేదా ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు ఉంచండి. క్లోరిన్ చేపనే కాదు, మీరు పెంచబోయే బ్యాక్టీరియానూ చంపుతుంది. నీళ్లు పోయకముందే నైట్రేట్ చూసి రాసి పెట్టుకోండి. పొలాల ఎరువుల వల్ల బోరు నీటిలో అది ముందే ఉండవచ్చు. ముందే చూడకపోతే, తర్వాత కనబడే నైట్రేట్‌ను చూసి పని అయిపోయిందని మోసపోతారు.

ఫిల్టరు రాత్రింబవళ్లు తిప్పుతూ రోజూ చిటికెడు మేత వేయండి. అది కుళ్లి అమ్మోనియా అవుతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటితే మేత ఆపి, తగ్గాక మళ్లీ వేయండి. రోగం లేని పాత తొట్టిలోని స్పాంజి ముక్క దొరికితే తెచ్చి పెట్టండి, చాలా రోజులు కలిసొస్తాయి. సీసాలో అమ్మే బ్యాక్టీరియా కొంత సాయపడవచ్చు గానీ, పరీక్ష లేకుండా దాన్ని నమ్మడం నాకు ఇష్టం లేదు.

ఎక్కువమంది తడబడేది ఈ మధ్య దశలోనే. అమ్మోనియా సున్నా కాగానే సంబరపడి చేపలు వదులుతారు. అప్పుడే నైట్రైట్ శిఖరాన ఉంటుంది. అది ఒంట్లోకి చేరితే చేప రక్తం గోధుమ రంగుకు తిరిగి ప్రాణవాయువును మోయలేకపోతుంది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. రోజూ మేత పడుతున్నా వారం పాటు రెండూ సున్నా చూపించాకే సగం నీళ్లు మార్చి, రెండు మూడు చిన్న చేపలతో మొదలుపెట్టండి.

కరెంటు గంటల తరబడి పోతే మూసిన ఫిల్టరు లోపల గాలి అందక బ్యాక్టీరియా చనిపోతుంది. స్పాంజి తీసి తొట్టిలోనే వేయండి. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఉంటే మేలు.

చేయకూడనివి

ప్లగ్గు తీయకుండా తొట్టిలో చెయ్యి పెట్టొద్దు.

స్పాంజిని నల్లా కింద కడగొద్దు. తొట్టి నుంచి తీసిన నీళ్లలో పిండితే చాలు.

జాగ్రత్త కోసమని నీలి రంగు మందు, అంటే మిథిలీన్ బ్లూ, పోయొద్దు. పెంచుకున్న బ్యాక్టీరియా దెబ్బతింటుంది. మొదటి వారంలో నీళ్లు పాలలా మసకబారినా తొట్టంతా ఖాళీ చేయొద్దు, అదే తేరుకుంటుంది.

మేతకు బదులు అమ్మోనియా ద్రావణం వాడేవారు దాన్ని బ్లీచింగ్ పౌడరుతో ఎప్పుడూ కలపొద్దు. విషవాయువు పుడుతుంది.

మగ్గం నేసే ఇళ్లలో నూలుకు, పట్టుకు రంగులద్దిన బకెట్లను, సబ్బు బకెట్లను తొట్టికి వాడొద్దు. ఒక బకెట్ విడిగా పెట్టుకోండి.

జూరాల జలాశయం నుంచి నీళ్లు, నాచు, నత్తలు తేవొద్దు, రోగాలు వెంట వస్తాయి. తొట్టి చేపలను అక్కడ వదలనూ వద్దు. గాజుకు పట్టిన పాచి తింటుందని అమ్మే సక్కర్ చేప అడుగుకు మించి పెరుగుతుంది. ఇలా వదిలిన జాతే ఇవాళ తెలుగు నేల చెరువుల్లో మత్స్యకారుల వలలు చించుతోంది. దాని జాడను నీటిలోని డీఎన్‌ఏతో పట్టే పద్ధతిని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తయారుచేయాల్సి వచ్చింది. పెంచలేకపోతే అమ్మిన అంగడికే తిరిగి ఇవ్వండి, లేదా తొట్టి ఉన్న మరొకరికి ఇవ్వండి.