పసుపు కాళ్ళ పక్షులు, వాని చుట్టములు

నీరు తీసిన చెరువు అంచున, బురదలో తోక నాడించుచు తిరుగు సన్నకాళ్ళ పిట్టలను చూడని పంచాయతీ సభ్యుడుండడు. వీనిని ఉల్లంకి పిట్టలందురు. పురుగులు, చిన్న నత్తలు వీని ముఖ్యాహారము. ఈ కుటుంబమునకు చెందిన రెండు అమెరికా పక్షులను ఈ పాఠమున పరిచయము చేయుచున్నాము. వాని కథ మన చెరువులకును సంబంధించినదే.

అవి పెద్ద పసుపుకాళ్ళ పక్షి, చిన్న పసుపుకాళ్ళ పక్షి. పెద్దది ఇంచుమించు 30 సెంటీమీటర్ల పొడవుండును, చిన్నది 24. పెద్దదాని ముక్కు తలకంటె పొడవై, కొన యించుక పైకి వంగియుండును. చిన్నదాని ముక్కు తిన్ననిది. తల పొడవు మాత్రమే. పెద్దది మూడు నాలుగు మారులు వరుసగా కూయును. చిన్నది తరచుగా ఒకటి రెండు మారులే. రెండును వేసవిలో కెనడా, అలాస్కాల చిత్తడినేలలలో పిల్లలను చేసి, చలికాలమునకు దక్షిణ అమెరికా వరకు పోవును.

చూపునకు ఇవి కవలలు. కాని 2005లో వెలువడిన జన్యుపరిశోధన ననుసరించి, పెద్దదానికి దగ్గర చుట్టము చిన్నది కాదు. ఆకుపచ్చ కాళ్ళ గ్రీన్‌షాంక్. ఈ గ్రీన్‌షాంక్ ఉత్తర ఐరోపా, సైబీరియాలలో పొదిగి, చలికాలమున మన కొల్లేటికి, పులికాటునకు, గ్రామముల చెరువులకు వచ్చును. ఎఱ్ఱకాళ్ళ రెడ్‌షాంక్, వరిమళ్ళలో తిరుగు వుడ్ శాండ్‌పైపర్ కూడ ఈ చుట్టములే.

చిన్న పసుపుకాళ్ళ పక్షుల సంఖ్య 1970 తరువాత సగమునకు పైగా తగ్గినది. చిత్తడినేలలు నశించుట, దారిలోని కరీబియన్ దీవులలో వేట ఇందుకు కారణములుగా చెప్పబడుచున్నవి. పుట్టినచోట అడవి యున్నను, దారిలో విడిది లేనిచో వలసపక్షి బ్రతుకజాలదు. గ్రీన్‌షాంక్‌నకు మన చెరువు అట్టి విడిది.

పంచాయతీలు చేయదగిన పనులు మూడు కలవు:

1. ఈ పక్షులు తమ కాళ్ళకు అందు లోతులోనే మేయగలవు. కావున పూడిక తీయించునపుడు చుట్టును నిట్రముగా త్రవ్వింపక, ఒక ప్రక్క నైనను వాలుగా, లోతులేని అంచును విడువవలెను.

2. వలలు పన్నుట, విషపుటెరలు పెట్టుట మాన్పింపవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వీని వేటను నిషేధించినది.

3. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ఏర్పడు గ్రామ కమిటీ, తన రిజిష్టరులో ఈ పక్షులు వచ్చు నెలను, పోవు నెలను వ్రాయించవలెను.

మన చెరువునకు వాలైన అంచు ఎంత మిగిలియున్నది? పూడికతీతకు అంచనా వేయుటకు పూర్వమే సభ్యులు గట్టుమీద నిలిచి ఈ ప్రశ్న వేసికొందురు గాక.