పెరట్లో తెల్ల గొడుగులు: వండొచ్చా?

ప్రశ్న: తొలకరి వానలు పడగానే మా పెరట్లో గడ్డి మధ్య పెద్ద పెద్ద తెల్ల గొడుగులు లేచాయి. ఒక్కోటి అన్నం తినే పళ్లెమంత ఉంది. నడినెత్తిన గోధుమరంగు పొలుసులున్నాయి. అడుగున మొప్పలు తెల్లగా ఉన్నాయి. పురుగులు కొరికాయి కాబట్టి విషం కాదని, కూర వండుదామని మా అత్తమ్మ అంటోంది. వండొచ్చా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: వండొద్దమ్మా. ఉత్తరం చదివి ఖాయంగా తేల్చలేను కానీ, మీరు చెప్పిన ఆనవాళ్లన్నీ క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్ అనే విషపు జాతికి సరిపోతున్నాయి. వెచ్చని ప్రాంతాల్లో పచ్చిక మీద వానల తర్వాత ఇది తరచుగా లేస్తుంది.

లేతప్పుడు ఇది గుడ్డులా గుండ్రంగా ఉంటుంది, పైపొర గోధుమరంగులో ఉంటుంది. గొడుగు విచ్చుకునే కొద్దీ ఆ పొర పగిలి పొలుసులవుతుంది. నడిమధ్య మాత్రం పగలకుండా బిళ్లలా మిగులుతుంది. పూర్తిగా విచ్చుకున్నాక 30 సెంటీమీటర్ల దాకా పెరగొచ్చు. కాడ నున్నగా ఉండి, మొదలు దగ్గర కాస్త ఉబ్బుతుంది. కాడ పైభాగాన ఒక ఉంగరం ఉంటుంది. ముదిరినదాన్ని వేలితో మెల్లగా తోసి చూడండి, ఆ ఉంగరం కాడ మీద పైకీ కిందకీ జరుగుతుంది.

అసలు మోసం మొప్పల్లో ఉంది. లేతప్పుడు అవి తెల్లగానే ఉంటాయి. సిద్ధబీజాలు పండాకే బూడిద కలిసిన ఆకుపచ్చకు తిరుగుతాయి. క్లోరోఫిల్లం అంటే గ్రీకులో పచ్చని ఆకు అని అర్థం. పేరు అలా ఉన్నా, ఈ పచ్చదనానికీ ఆకుల్లోని పత్రహరితానికీ సంబంధం లేదు. కూరకు లేతవే కోస్తాం కదా, ఆ పచ్చరంగు కనబడకముందే అవి గిన్నెలోకి వెళ్లిపోతాయి. నన్ను భయపెట్టేది అదే.

రంగు తెలుసుకునే మార్గం ఒకటుంది. విచ్చుకున్న గొడుగును కాడ దగ్గర కోసి, మొప్పలు కిందికి వచ్చేలా తెల్ల కాగితం మీద పెట్టి, పైన గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేయండి. తెల్లారి చూస్తే కాగితం మీద మొప్పల గీతలు అచ్చు పడి ఉంటాయి. అచ్చు పచ్చగా ఉంటే అనుమానం తీరినట్టే. పచ్చగా లేదని తినడానికి మాత్రం పూనుకోవద్దు, ప్రాణం తీసే వేరే జాతుల అచ్చు తెల్లగా పడుతుంది.

మన పెద్దలు ఇష్టంగా తిన్న పుట్టగొడుగు పేరుకు తగ్గట్టు చెదలపుట్ట నుంచే వస్తుంది. చెదలు పుట్ట లోపల పెంచుకునే బూజు తోటే దాని పుట్టిల్లు. నడినెత్తిన మొనదేలిన బొడిపె ఉంటుంది. చుట్టూ మట్టి తవ్వితే కాడ వేరులా సాగి చెదల గూటి దాకా దిగుతుంది. అచ్చు లేత గులాబీ రంగులో పడుతుంది. మీ అత్తమ్మ చిన్నప్పుడు తిన్నవి ఇవే అయ్యుండొచ్చు. ఆవిడ అనుభవం అబద్ధం కాదు, కానీ పెరట్లో లేచింది వేరే జాతిలా ఉంది.

పురుగుల మాట నమ్మకండి. వాటి కడుపు వేరు, మన కడుపు వేరు.

ప్రశ్న: వెండి ఉంగరం వేసి ఉడికిస్తే, అది నల్లబడకపోతే మంచివే అంటారు. నిజమేనా?
- మరో పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: నిజం కాదు. పుట్టగొడుగుల విషాలు వెండిని నల్లబరచవు. ఉడికిస్తే విషం పోతుందన్న నమ్మకమూ ప్రమాదమే. మొదటి ఉత్తరంలోని జాతి తింటే సాధారణంగా ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, పిల్లలకు ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది. ఆరు గంటలు దాటాక మొదలైతే అది ఇంకా పెద్ద ప్రమాదం, కాలేయాన్ని దెబ్బతీసే అమానిటా జాతులు తిన్నవాళ్లకు అలాగే ఆలస్యంగా మొదలవుతుంది. ఎవరైనా తిన్నారని తెలిస్తే వాంతుల కోసం ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయండి. మిగిలిన పుట్టగొడుగును కాగితంలో చుట్టి ఆస్పత్రికి వెంట తీసుకెళ్లండి.