మాంసం మీది ముద్ర వెనక ఏముంది?

మా పెద్దమ్మ మెడలో తులసిమాల ఉంటుంది. ఏటా పండరికి పోయొస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె మాంసం ముట్టడం చూడలేదు. పోయిన ఏడాది కుడి డొక్కలో బరువుగా ఉందంటే స్కానింగ్ తీయించారు. కాలేయంలో పెద్ద నారింజపండంత నీటితిత్తి కనపడింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి తీసేశారు. అక్కడి డాక్టర్ మొదట అడిగింది ఇది: "ఇంటి చుట్టూ కుక్కలు తిరుగుతాయా? దగ్గర్లో గొర్రెలు కోస్తారా?"

"తినని మనిషిని, నాకు గొర్రెతోటి ఏం సంబంధం బిడ్డా?" అని పెద్దమ్మ నన్ను అడిగింది. నేను చదివేది మెకానికల్. జవాబు రాలేదు. సెలవుల్లో చదివి, వాళ్లనీ వీళ్లనీ అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నా. ఇది బయాలజీ పాఠంలా మొదలైనా, చివరికి మన సబ్జెక్టు దగ్గరికే వస్తుంది. కొంచెం ఓపిక పట్టండి.

కుక్క, గొర్రె, మనిషి

మాది నారాయణఖేడ్, సంగారెడ్డి జిల్లా. మేం ఖేడ్ అనే అంటాం. ఆదివారం పొద్దున మటన్ దుకాణం ముందు మనుషులు ఒక వరస, కుక్కలు ఒక వరస. కాక గొర్రెను కోసి, పనికిరానిది పక్కకు విసిరితే కుక్కలు ఎగబడతాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి అందులో తప్పేమీ కనపడలేదు.

పెద్దమ్మ జబ్బు పేరు హైడాటిడ్ వ్యాధి. దానికి కారణం ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు. పెద్దయిన పురుగు కుక్క పేగులో ఉంటుంది, కొన్ని మిల్లీమీటర్లే. దాని గుడ్లు కుక్క మలంతో బయటికొచ్చి గడ్డిలో, మట్టిలో, కూరగాయల మీద చేరతాయి. ఆ గడ్డి మేసిన గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు పెరుగుతాయి. ఆ తిత్తులున్న కార్జాన్ని కుక్క తింటే మళ్లీ పురుగులు. చక్రం పూర్తయింది.

మనిషి ఈ చక్రంలోకి అనుకోకుండా వచ్చి పడతాడు. మటన్ తింటే ఈ జబ్బు రాదు. కుక్క మలంలోని గుడ్లు చేతుల ద్వారానో, సరిగ్గా కడగని ఆకుకూర ద్వారానో నోట్లోకి పోతే వస్తుంది. తిత్తి ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. అంటే గొర్రెను ఎవరో తిన్నారు, కార్జాన్ని కుక్క తిన్నది, జబ్బు ఏమీ తినని పెద్దమ్మకు వచ్చింది. మాంసం తనిఖీ అనేది తినేవాళ్ల గొడవ మాత్రమే అనుకున్నవాణ్ని, నా లెక్క ఇక్కడే తప్పింది.

కంటితో చూసే తనిఖీ

మాంసం తనిఖీలో రెండు మెట్లున్నాయి. కోయక ముందు బతికున్న జీవాన్ని పశువైద్యుడు చూడటం మొదటిది. నడక, ఊపిరి, జ్వరం, ముక్కు, నోరు గమనిస్తారు. కోశాక కాలేయం, ఊపిరితిత్తులు, గ్రంథులు చూసి, నొక్కి, అవసరమైతే కోసి పరీక్షించడం రెండోది. బాగుంటే ముద్ర వేస్తారు. బాగాలేని భాగాన్ని ఎవరికీ, ఏ కుక్కకీ దొరక్కుండా నాశనం చేస్తారు. ఈ పద్ధతిని శాస్త్రంగా కూర్చినవాడు జర్మనీకి చెందిన రాబర్ట్ ఫాన్ ఓస్టర్‌టాగ్. ఆయన పుస్తకం 1892లో వచ్చింది. క్షయ, బద్దెపురుగుల వంటివి కంటికి కనపడే జబ్బులు కాబట్టి ఆ కాలానికి అది గొప్ప మార్పు.

మొదటి మెట్టు ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఆంత్రాక్స్ ఒక్కటి చాలు. మన ఊళ్లలో దొమ్మ రోగం అంటారు. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలం చాపలబండలో గొర్రెలు దీనితో చనిపోయాయి. ఉన్నట్టుండి చనిపోయిన జీవాన్ని "ఇంకా వెచ్చగానే ఉంది కదా" అని కోస్తే రెండు నష్టాలు. కోసినవాళ్ల చేతులకు పుండ్లు లేస్తాయి. గాలి తగిలిన క్రిమి గట్టి పెంకులాంటి స్పోర్‌గా మారి ఏళ్ల తరబడి ఆ నేలలోనే ఉండిపోతుంది. ఇక్కడ కోశాక చేసే తనిఖీ ఎందుకూ పనికిరాదు, కోయడమే ప్రమాదం.

మనకు చట్టం లేదా అంటే ఉంది. 2001 నాటి కేంద్ర కబేళా నియమాల ప్రకారం ఒక పశువైద్యుడు గంటకు 12, రోజుకు 96 జీవాలకు మించి పరీక్షించకూడదు. లెక్క వేస్తే ఒక్కో జీవానికి 5 నిమిషాలు. 2006 ఆహార భద్రతా చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం రోజుకు 10 చిన్న జీవాల లోపు కోసే దుకాణం కూడా రిజిస్టర్ చేసుకోవాలి. ఇక 2019 పశుగణనలో దేశంలో అందరికంటే ఎక్కువ గొర్రెలున్న రాష్ట్రం మనదే, దాదాపు 1.9 కోట్లు. ఇప్పుడు దసరా పొద్దున్నే ఊరూరా ఎన్ని గొర్రెలు తెగుతాయో ఊహించి, దాన్ని 5 నిమిషాలతో గుణించండి. డాక్టర్ల సంఖ్యతో ఈ లెక్క తేలదు.

కంటికి కనపడనిది

ఇంకో చిక్కు కూడా ఉంది. 1993లో అమెరికాలో ఒక హాంబర్గర్ దుకాణాల సంస్థలో సరిగ్గా ఉడకని మాంసం తిని 700 మందికి పైగా జబ్బు పడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. కారణం ఈ.కోలై ఓ157. ఈ బ్యాక్టీరియా ఆరోగ్యంగా కనపడే పశువు పేగుల్లోనూ ఉంటుంది. ఎంత అనుభవమున్న కన్నైనా దాన్ని పట్టలేదు. పైగా ఒక జీవాన్ని నొక్కి, కోసి చూసిన చేయి, కత్తి దాన్ని ఇంకో జీవానికి అంటించొచ్చు. అందుకే యూరప్‌లో 2014 జూన్ నుంచి పందుల విషయంలో మామూలుగా ప్రతిదాన్నీ కోసి చూసే పని మానేశారు. కంటితో చూస్తారు, అనుమానం వస్తేనే కోస్తారు.

మరి కనపడనిదాన్ని ఆపేదెలా? జవాబు ఇంజినీరింగ్ నుంచే వచ్చింది. అంతరిక్షంలోకి పోయేవాళ్లకు తిండి తయారుచేసే పనిలో నాసా, అమెరికా సైనిక ప్రయోగశాల, పిల్స్‌బరీ కంపెనీ కలిసి పనిచేశాయి. తయారైన తిండిని పరీక్షించి భద్రంగా ఉందని తేల్చాలంటే చాలా భాగం పరీక్షకే ఖర్చవుతుంది, మిగిలేది కొంచెమే. అప్పుడు వాళ్లు మన ఫెయిల్యూర్ అనాలిసిస్ ఆలోచన పట్టుకున్నారు. తప్పు ఎక్కడెక్కడ జరగొచ్చు? అందులో కీలకమైన చోటు ఏది? అక్కడ ఏం కొలవాలి? కొలత హద్దు దాటితే ఏం చేయాలి? ఇవన్నీ ముందే రాసి పెట్టుకుని, రోజూ నమోదు చేయడం. దాని పేరే హాసప్. 1996లో అమెరికా దీన్ని మాంసం ప్లాంట్లకు తప్పనిసరి చేసింది. చివర్లో నిలబడి మంచీచెడూ ఏరడం కాకుండా, ప్రతి మెట్టు దగ్గరా చెడు పుట్టకుండా చూడటం. క్వాలిటీ కంట్రోల్ క్లాసులో నిద్రపోకుండా విన్నవాళ్లకు ఇది కొత్తేం కాదు.

మా ఖేడ్‌కు ఇందులో పనికొచ్చేది

ఆధునికీకరణ అనగానే స్టీలు గొలుసులు, కోల్డ్ రూములు కళ్లముందు మెదులుతాయి. పెద్ద ఊళ్లకు అవి కావాల్సిందే. కానీ రోజుకు నాలుగైదు గొర్రెలు కోసే దుకాణంలో కీలకమైన చోట్లు నాలుగే అని నాకు అనిపించింది.

ఒకటి, జీవం తన కాళ్ల మీద నడిచొచ్చిందా? నలతగా ఉన్నా, చనిపోయినా కత్తి పట్టకుండా 1962కు ఫోన్ చేయాలి. అది సంచార పశువైద్యశాల నంబరు.

రెండు, తిత్తులున్న కార్జం, ఊపిరితిత్తులు ఎటు పోతున్నాయి? మూతున్న డబ్బాలోకి, అక్కడి నుంచి లోతైన గుంటలోకి పోవాలి. కుక్కలకు వేయాల్సే వస్తే కనీసం అరగంట బాగా మరగనివ్వాలి.

మూడు, కత్తి, నీళ్లు, నేల. పేగు తెగి మాంసం మీద పడకూడదు. జీవాన్ని కింద పెట్టకుండా కొక్కేనికి వేలాడదీయాలి. పెద్ద ప్లాంట్లలో కత్తిని 82 డిగ్రీల నీళ్లలో ముంచుతారు. చిన్న దుకాణంలో స్టవ్ మీద మరిగే గిన్నె చాలు.

నాలుగు, తిరుగు సమాచారం. తిత్తులు కనపడ్డ గొర్రె ఏ ఊరి మందదో రాసి పెడితే ఆ ఊళ్లో కుక్కలకు ప్రాజిక్వాంటెల్ మాత్రలు వేయొచ్చు. ఆవులకు, బర్రెలకు 12 అంకెల చెవి ట్యాగులు ఇప్పటికే ఉన్నాయి. గొర్రెల మందలకు, దుకాణాలకు, పశువైద్యశాలకు మధ్య చిన్న యాప్ కట్టడం మన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు స్థాయి పనే. ఈ ఫీడ్‌బ్యాక్ లూప్ లేకపోతే తనిఖీ చేసిన ప్రతిసారీ మళ్లీ మొదటికే వస్తాం.

ఇది జరిగే పనేనా అంటే, జరిగిన చోటు ఉంది. ఐస్‌లాండ్‌లో 19వ శతాబ్దంలో ఇదే హైడాటిడ్ ఇంటింటి జబ్బు. హారాల్డ్ క్రాబ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త 1863లో అక్కడ తిరిగి, పురుగు దారిని మామూలు మాటల్లో చిన్న పుస్తకంగా రాశాడు. దాన్ని ఇళ్లకు పంచారు. తర్వాత చట్టాలు వచ్చాయి, కుక్కలకు మందు పడింది, గొర్రెలను కోసే పద్ధతి మారింది. 20వ శతాబ్దంలో ఆ జబ్బు అక్కడ కనుమరుగైంది. స్కానింగ్ మిషన్లు కాదు, అందరికీ అర్థమైన ఒక చిన్న పుస్తకం ముందు వచ్చింది.

ఇదంతా పెద్దమ్మకు చెప్పాను. ఆమె మొత్తం విని, "నాకు చెప్తే ఏమొస్తది? పోయి దుకాణపాయనకు చెప్పు" అంది.

పోయాను. ఫోన్‌లో తిత్తి ఫొటో చూపిస్తే కాక వెంటనే గుర్తుపట్టాడు. "ఇసొంటి బుగ్గలు మస్తు చూస్తం. అమ్మం. కోసి పడేస్తం."

"యాడ పడేస్తరు కాకా?"

కాక కుక్కల వైపు చూశాడు. పెద్దమ్మ సంగతి మొత్తం చెప్పాను. కాసేపు కత్తి నూరుతూ ఊరుకున్నాడు. "ముప్పై ఏండ్ల సంది కోస్తున్న. ఒక్కలన్న చెప్పిండ్రా? తెలిస్తే ఏస్తనా బిడ్డా?" అన్నాడు.

ఆ మరుసటి ఆదివారం దుకాణం పక్కన పాత నూనె డబ్బా ఒకటి కనపడింది. మూత లేదు. పైన బండరాయి పెట్టాడు. కుక్కలు చుట్టూ తిరిగి, కాసేపు చూసి, పోయాయి.