రేపటి సంగతి అడగని వైద్యం

కూచిపూడిలో పుట్టి, అక్కడే పిల్లలకు నాట్యం అడుగులు నేర్పుతూ పెద్దదాన్నయ్యాను. 2006లో చికున్‌గున్యా వచ్చిపోయాక నా ఒళ్ళు నా మాట వినడం మానేసింది. చాలా ఏళ్ళు తిరిగాక దానికి డాక్టర్లు చెప్పిన పేరు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. కోవిడ్ తర్వాత ఇదే అవస్థతో చిన్నవయసు వాళ్ళు కూడా నా దగ్గరికి వస్తున్నారు. వాళ్ళకు చెప్పే మాటలే ఇవి.

1. నీరసమంతా ఈ జబ్బు కాదు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, షుగరున్నా, క్షయ ఉన్నా మనిషి నీరసపడతాడు. ముందు ఆ పరీక్షలన్నీ చేయించుకోండి. మందున్న జబ్బును వదిలేసి మందులేని దాన్ని నెత్తినేసుకోకూడదు.

2. డాక్టరుకు రేపటి సంగతి చెప్పండి. ఆయన ముందు కూర్చున్న పది నిమిషాలూ మనం బాగానే కనిపిస్తాం. తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని వెళతాం కదా! ఆ ప్రయాణానికి మర్నాడూ ఆ మర్నాడూ కట్టే సుంకం ఆయనకు కనబడదు. కాస్త శ్రమపడితే ఒకటి రెండు రోజుల తర్వాత కూలబడిపోవడమే ఈ జబ్బుకు అసలు గుర్తు. ఏ రోజు ఏం చేశారో, ఆ తర్వాత ఎలా ఉన్నారో ఒక నోటుపుస్తకంలో రాసి చూపించండి. రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చినప్పుడు మన చేతిలో మిగిలే సాక్ష్యం అదొక్కటే.

3. సాధన అన్నిటికీ మందు కాదు. ఈ మాట కూచిపూడి మనిషి నోట రావడం కష్టమే. కాలు నొచ్చినా జతి ఆపకూడదన్న క్రమశిక్షణలో పెరిగినవాళ్ళం. అందుకే విజయవాడ సూర్యారావుపేటలో ఒక డాక్టరు “రోజూ కొంచెం కొంచెం నడక పెంచండమ్మా” అంటే సంతోషంగా తలూపాను. నడక పెంచిన కొద్దీ మంచానికి అతుక్కుపోయాను. చెబితే, ఇంకా గట్టిగా ప్రయత్నించాలన్నారు.

ఇలాంటి సలహాకు పెద్ద దిక్కుగా నిలిచింది బ్రిటన్‌లో జరిగిన పేస్ అనే పరిశోధన. 641 మంది రోగులు, సుమారు 50 లక్షల పౌండ్ల ఖర్చు. క్రమంగా వ్యాయామం పెంచడం, ఆలోచనా ధోరణి మార్చే కౌన్సెలింగ్ మేలు చేస్తాయని 2011లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. 2013లో మరో వ్యాసంలో, ఆ చికిత్సలతో నూటికి 22 మంది కోలుకున్నారని కూడా అన్నారు.

అక్కడే రోగులకు అనుమానమొచ్చింది. శరీర సామర్థ్యాన్ని వంద మార్కులకు కొలిచారు. పరిశోధనలో చేరాలంటే 65 మించకూడదు. కోలుకున్నారనడానికి మొదట అనుకున్న హద్దు 85. తర్వాత దాన్ని 60కి దించారు. అంటే 65తో చేరిన మనిషి ఇంకో అయిదు మార్కులు పోగొట్టుకున్నా ఆ ఒక్క కొలతలో కోలుకున్నట్టే లెక్క! ఇలా మార్కులు వేస్తే మా వీధిలో అందరూ నాట్యాచార్యులే.

అసలు లెక్కలు చూపించమని ఆస్ట్రేలియాలో ఉన్న అలెం మాథీస్ అనే రోగి 2014లో బ్రిటన్ సమాచార హక్కు చట్టం కింద అడిగాడు. ఆ పరిశోధన జరిపిన విశ్వవిద్యాలయం ఇవ్వనంది. 2016లో ట్రైబ్యునల్ ఇచ్చి తీరాలంది. మొదట అనుకున్న హద్దులతో మళ్ళీ లెక్కగడితే, ఆ చికిత్సలు తీసుకున్నవారికీ తీసుకోనివారికీ కోలుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2021 అక్టోబరులో బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్, ఈ రోగులకు క్రమంగా వ్యాయామం పెంచే చికిత్స ఇవ్వవద్దని చెప్పింది. ఆ పరిశోధకులు మాత్రం తమ ఫలితాలనే సమర్థించుకుంటున్నారు. వ్యాయామంతో మేలు జరిగిందనే రోగులూ కొందరు ఉన్నారు, కాదనను. కానీ చెడిపోయామన్నవాళ్ళను సోమరుల కింద జమకట్టిన ఏళ్ళకు ఎవరూ లెక్క చెప్పలేదు.

4. “అంతా మనసులోనే ఉంది” అన్నమాట కొత్తది కాదు. 1955లో లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో రెండు వందల మందికి పైగా సిబ్బంది ఇలాంటి జబ్బుతో పడిపోయారు. పదిహేనేళ్ళ తర్వాత ఇద్దరు సైకియాట్రిస్టులు ఒక్క రోగినీ చూడకుండా, పాత కేసుకాగితాలు చదివి అది హిస్టీరియా అని తేల్చారు. ఆడవాళ్ళు ఎక్కువమంది ఉండటం వాళ్ళకు కనబడిన ఆధారాల్లో ఒకటి.

ఇంకో పక్కా ఉంది. గోవాలో విక్రమ్ పటేల్ అనే పరిశోధకుడి బృందం స్త్రీలను అడిగి 2005లో ప్రకటించిన సర్వేలో నూటికి పన్నెండుగురు ఆరు నెలలకు మించిన నీరసం ఉందన్నారు. దానికి రక్తహీనతతో సంబంధం కనబడలేదు. అప్పులతో, ఆకలితో, భర్త పెట్టే హింసతో, మనసు కుంగడంతో కనబడింది. అదీ నిజమే, మన ఇళ్ళల్లో చూస్తున్నదే. అయితే ఆ నీరసం, నేను చెబుతున్న జబ్బు ఒకటి కావు. ఒకదాని వైద్యం రెండోదానికి చేస్తేనే చిక్కు.

5. మన ఆశ కూడా మనల్ని మోసం చేస్తుంది. 2009లో ఈ జబ్బుకూ ఎక్స్ఎంఆర్‌వీ అనే వైరస్‌కూ సంబంధం ఉందని సైన్స్ పత్రికలో వచ్చింది. కొందరు రోగులు ఎయిడ్స్ మందులు కూడా మింగారు. తర్వాత అది ప్రయోగశాలలో జరిగిన కల్తీ అని తేలింది. 2011లో ఆ వ్యాసాన్ని పత్రిక వెనక్కి తీసుకుంది. నార్వే డాక్టర్లు మాత్రం తాము ఎంతో నమ్మిన రిటుక్సిమాబ్ మందును 151 మంది మీద పరీక్షించి, పనిచేయలేదని 2019లో తామే చెప్పారు. నాకు వాళ్ళ మీదే గౌరవం. ఊళ్ళో బలానికని సెలైన్ ఎక్కించేవాళ్ళు ఆపాటి నిజమైనా చెప్పరు.

6. ఉన్న ఓపికంతా ఒక్కరోజే ఖర్చుపెట్టకండి. తలస్నానం చేసిన రోజు నేను వంట పెట్టుకోను. కూరలు కూర్చునే తరుగుతాను. పాఠం కూడా కుర్చీలోంచే, తాళం వేసి చెబుతాను.

7. ఇంట్లోవాళ్ళు “లేచి తిరిగితే అదే పోతుంది” అనడం మానాలి.

8. పరిశోధన చేసేవాళ్ళకు ఒక మనవి. బ్రిటన్‌లో డీకోడ్ఎంఈ అనే జన్యు పరిశోధనను రూపొందించేటప్పుడే రోగులను కలుపుకున్నారు. 15 వేలకు పైగా రోగుల నమూనాలతో 2025లో తొలి ఫలితాలిచ్చారు. మన దగ్గర చికున్‌గున్యా తర్వాత, కోవిడ్ తర్వాత మంచాన పడ్డవాళ్ళ లెక్క ఊరూరా తీయాలి. కృష్ణా జిల్లాలో ఏ వైద్య కళాశాల వాళ్ళు మొదలుపెట్టినా చెప్పడానికి మేం సిద్ధం. కాకపోతే మీరే మా ఇళ్ళకు రండి. విజయవాడ దాకా బస్సులో వచ్చే ఓపిక మాలో చాలామందికి లేదు.