రారాదు: వద్దన్నట్టా, రమ్మన్నట్టా?



మొఘల్‌పురా నుంచి చార్మినార్ వైపు నడిచేటప్పుడు పిల్లల చేత బోర్డులు చదివించండి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ కనిపిస్తాయి. చదవడం అలవాటవుతుంది, నవ్వుకోవడానికీ దొరుకుతుంది.

తలుపు మీద 'లోపలికి రారాదు' అని ఉంటే ప్రవేశం లేదని అర్థం. అదే మాటను చివర సాగదీసి 'లోపలికి రారాదూ' అంటే ఆప్యాయంగా పిలిచినట్టు! తేడా ఒక్క దీర్ఘమే.

'కుక్కలున్నవి జాగ్రత్త' అంటే జాగ్రత్త మనకా, కుక్కలకా? 'పాత పుస్తకాల షాపు'లో పాతవి పుస్తకాలా, పాతది షాపా? 'పాత పుస్తకాలు అమ్మే షాపు' అని రాస్తే ఆ గొడవే ఉండదు.

ఉర్దూ మాట్లాడే ఇళ్లలో 'రోకో మత్ జానే దో' అన్న వాక్యం తెలిసిందే. 'రోకో' తర్వాత ఆగితే 'ఆపు, పోనివ్వకు'. 'మత్' తర్వాత ఆగితే 'ఆపకు, పోనివ్వు'. కామా ఒక్క మాట పక్కకు జరిగితే ఆజ్ఞ తలకిందులవుతుంది.

ఇక లెక్కల ప్రశ్న చూడండి: 'రవి, సలీంల దగ్గర 10 రూపాయలు ఉన్నాయి.' ఇద్దరికీ కలిపి పదా, చెరో పదా? కూడిక బాగా వచ్చిన పిల్లలకూ ఇక్కడ మార్కులు పోవచ్చు. అందుకే తప్పు జవాబు చూసి కోప్పడే ముందు, "ప్రశ్న నీకెలా అర్థమైంది?" అని అడగండి.

ఈ నెల ఇంటిపని: రెండు అర్థాలొచ్చే బోర్డు ఒకటి వెతికి, ఒకే అర్థం వచ్చేలా మీ పిల్లల చేత తిరగరాయించండి. నోటుబుక్కులో రాసి క్లాస్ టీచర్‌కు చూపించమనండి.