చందమామ చెప్పే తేదీ

ప్రశ్న: మా తాతగారు తీసిన ఫొటోలో గుడి గోపురం పక్కన చంద్రుడు, నాలుగు చుక్కలు ఉన్నాయి. వెనక తేదీ లేదు. ఆకాశాన్ని బట్టి తేల్చగలమా?

జవాబు: తేల్చే అవకాశం బాగానే ఉంది. చుక్కలు మాత్రమే ఉంటే చాలదు. అవి రోజూ సుమారు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి. కార్తీకంలో అర్ధరాత్రి కనిపించిన ఆకాశమే పుష్యంలో ఎనిమిదింటికే కనిపిస్తుంది.

అసలు సాక్షి చంద్రుడు. రోజుకో నక్షత్రం చొప్పున, దాదాపు 13 డిగ్రీలు జరుగుతాడు. అంటే గంటకు తన వెడల్పంత! చుక్కల మధ్య అతని చోటు, వెలిగిన భాగం కలిపి చూస్తే ఏ సంవత్సరానికైనా మిగిలే తేదీలు బాగా తక్కువ. చిక్కల్లా 19 ఏళ్లకోసారి అదే తిథి అదే తేదీకి రావడం. గురుడో శనో ఫొటోలో పడి ఉంటే ఆ చిక్కూ విడిపోతుంది.

అమెరికాలో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ పల్లెపై చంద్రోదయాన్ని ఆన్సెల్ ఆడమ్స్ ఫొటో తీశారు. తేదీ ఆయనకే సరిగా గుర్తులేదు. ఖగోళశాస్త్రజ్ఞుడు డేవిడ్ ఎల్మోర్ 1941 అక్టోబరు 31 అని లెక్కగట్టారు. దాదాపు పదేళ్ల తర్వాత డెనిస్ డి చికో చంద్రుడి స్థానం సరిపోలేదని గమనించి, మళ్లీ లెక్కించి నవంబరు 1, సాయంత్రం 4:49 అని సరిదిద్దారు.

మీరు ముందు తాతగారు నిలబడిన చోటు వెదకండి. అక్కడి నుంచి గోపురం దిక్కు, ఎత్తు కొలవండి. నెగటివ్ ఉంటే తప్పక తీయండి; ప్రింటులో కుడిఎడమలు తారుమారై ఉండొచ్చు. తర్వాత స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఏడాది తర్వాత ఏడాది సరిచూడండి.